బేస్ గిటార్: ముందు కుడిచేయి కుదరాలి

కోనసీమలో చర్చి పాటలకైనా, తీర్థాల్లో ఆర్కెస్ట్రాకైనా కొత్తగా బేస్ పట్టినవాళ్లు ముందు ఎడమచేతి వేళ్ల గురించే అడుగుతారు. అసలు తంటా కుడిచేతిది. మోగాల్సింది ఒక్క తీగ, మిగతా మూడూ గప్‌చుప్‌గా ఉండాలి.

శ్రుతి ముందు. లావు తీగ నుంచి వరసగా ఈ (E), ఏ (A), డీ (D), జీ (G). E తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, చవక క్లిప్ ట్యూనర్లు దాన్ని సరిగ్గా పట్టవు. 12వ ఫ్రెట్ (మెడ మీది అడ్డ కమ్మీ) మీద తీగకి వేలు నొక్కకుండా తాకించి మీటితే పట్టేస్తాయి. ఫోన్ స్పీకర్లో బేస్ వినబడదు, ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి.

బొటనవేలు పికప్ (తీగల కింద నాదాన్ని పట్టే అయస్కాంతపు పెట్టె) మీద ఆనించి చూపుడు, మధ్య వేళ్లు మార్చి మార్చి మీటాలి. తీగని పైకి లాగొద్దు. మీటిన వేలు జారి పక్కనున్న లావు తీగ మీద ఆగాలి, అప్పుడే ఆ తీగ నోరు మూస్తుంది. డీ, జీ తీగలకి వెళ్లినప్పుడు బొటనవేలిని E తీగ మీదికి దించండి. మెట్రోనోమ్ (లయ దెబ్బలు కొట్టే పరికరం) నిమిషానికి 60 దెబ్బల్లో పెట్టి, దెబ్బకొకటి చొప్పున, ఐదు నిమిషాలు. నాలుగుసార్లు తప్పు రాకపోతేనే 64కి పెంచండి. ఆదివారం మూడు గంటలు కుస్తీ పట్టేకంటే రోజూ ఇరవై నిమిషాలు నయం.

ఎడమచేతి వేలు ఫ్రెట్ కమ్మీకి ఆనుకుని వెనకే పడాలి. మధ్యలో నొక్కితే జుయ్యిమంటుంది, కమ్మీ మీదే నొక్కితే నాదం మొద్దుబారుతుంది. తీగ మోగే పొడవు 34 అంగుళాలున్న బేస్‌లో మొదటి ఫ్రెట్ గడి ఒక్కటే సుమారు 48 మిల్లీమీటర్లు, నాలుగు వేళ్లూ సాగదీస్తే మణికట్టు పట్టేస్తుంది. అక్కడ చూపుడు, మధ్య, చిటికెన వేళ్లు చాలు, ఉంగరపు వేలు చిటికెనకి సాయం. నొప్పి వస్తే ఆపేయండి.

తలకి రాసుకున్న కొబ్బరినూనె చేతికుంటే తీగలు ముట్టుకోవద్దు. అంతర్వేది వైపు ఉప్పుగాలికి తీగలు త్వరగా తుప్పు పడతాయి, వాయించాక పొడి నూలుగుడ్డతో ఒక్కో తీగనీ కిందా పైనా తుడవండి. వానాకాలంలో చెమ్మగోడకి ఆనించొద్దు, మెడ వంపు మారుతుంది. మెడ వంపు సరిచేసే లోపలి ఇనుప కడ్డీ, అంటే ట్రస్ రాడ్‌ని ఒకేసారి పావు చుట్టుకి మించి తిప్పకుండా ఒక రోజు ఆగి చూడండి.

మొదటి పాటకి జీ, సీ, డీ స్వరాలు చాలు: వరసగా E తీగ మూడో ఫ్రెట్, A తీగ మూడో ఫ్రెట్, A తీగ ఐదో ఫ్రెట్. డ్రమ్మర్ కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము దెబ్బ) పడినచోటే మీ స్వరం పడాలి. ఆపాల్సినచోట ఎడమచేతి వేలు తీగని వదలకుండా నొక్కుడు మాత్రం సడలించండి, చప్పున ఆగుతుంది.