కుక్కపిల్లకి 'ఇటు చూడు' నేర్పే ముందు జాగ్రత్తలు

టీకాల కోర్సు పూర్తయ్యేదాకా, అంటే దాదాపు 16 వారాలు వచ్చేదాకా, వీధిలో దింపొద్దు, పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీయగల వైరస్ జబ్బు) భయం ఉంది. హాల్లోనే మొదలుపెట్టండి, టీవీ ఆపేసి.

– ముందు ఒకసారి ఉచ్చ పోయించాకే మొదలుపెట్టండి.

– చికెన్ ఉప్పూకారం లేకుండా ఉడికించి (ఉల్లిపాయ అసలు వద్దు, కుక్కలకి విషం) శనగగింజంత ముక్కలు చేసి జేబులో పెట్టుకోండి. ముక్క పెద్దదైతే నములుతూ కూర్చుంటుంది, మీ మొహం చూడదు.

– చూపు కలిసిన క్షణంలోనే 'గుడ్' అని ముక్క పెట్టాలి, కాస్త ఆలస్యమైతే అప్పటికే మీ చెప్పు వాసన చూస్తుంటుంది, మెచ్చుకోలు చెప్పు ఖాతాలో పడుతుంది.

– పేరు పెట్టి తిట్టొద్దు, తర్వాత పిలిచినా రాదు.

– గొలుసు పట్టి లాగడం వద్దే వద్దు.

– 3 నుంచి 5 నిమిషాలు చాలు. పదేపదే ఆవలిస్తుంటే ఆపేయండి.