పిల్లల్ని స్కూల్ నుంచి ట్రైనింగ్‌కి పంపుతున్నారా? వైజాగ్‌లో ప్లేస్‌మెంట్ కుదుర్చుకునే పద్ధతి ఇదీ

రెండేళ్ల కిందట పదో తరగతి అబ్బాయిని ఒకణ్ణి గాజువాక వైపు ఒక బైక్ మెకానిక్ షెడ్డుకి ట్రైనింగ్‌కి పంపాను. నేను వొకేషనల్ ట్రైనర్‌ని, వాడి ట్రేడ్ ఆటోమోటివ్. "గుంటడ్ని పంపండి మాస్టారూ, మేం చూసుకుంటాం" అన్నాడు ఓనరు, నేనూ సరే అనేసి వచ్చేశాను. పన్నెండో రోజున చూద్దామని వెళ్తే వాడు అప్పటికి ఒక్కసారి కూడా స్పానర్ పట్టలేదు. టీలు తెచ్చాడు, బళ్లు కడిగాడు, అన్నిటికన్నా ఘోరం, స్కూటీ వేసుకుని ఆటోనగర్ వెళ్లి స్పేర్ పార్టులు తెస్తున్నాడు. వాడికి పదిహేనేళ్లు. ఓనరు చెడ్డవాడేం కాదు, మధ్యాహ్నం తన క్యారేజీలోంచి కూర వేసి పెట్టేవాడట కూడా. ఏం నేర్పాలో ఆయనకి ఎవరూ చెప్పలేదు, అంతే. చెప్పాల్సింది నేను.

అప్పటి నుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఇది. తల్లిదండ్రులకీ, కొత్తగా చేరిన ట్రైనర్లకీ పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు, ఇది ఏ రకం ప్లేస్‌మెంటో తేల్చుకోండి

అందరూ అన్నిటినీ "ట్రైనింగ్" అనే అంటారు, కానీ ఇందులో నాలుగు రకాలున్నాయి. సమగ్ర శిక్షా అనే ప్రభుత్వ బడి చదువుల పథకం కింద తొమ్మిది, పది తరగతుల్లో వొకేషనల్ ట్రేడ్ తీసుకున్న పిల్లలు వెళ్లేది ఇంటర్న్‌షిప్. ఇంటర్ వొకేషనల్ వాళ్లు, అంటే ఎమ్‌ఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్), ఎలక్ట్రికల్, ఆటోమొబైల్ లాంటి కోర్సుల వాళ్లు వెళ్లేది ఆన్ ద జాబ్ ట్రైనింగ్, కాలేజీల్లో ఓజేటీ అంటారు. ఈ రెండూ చదువులో భాగం, కాబట్టి స్కూలో కాలేజో ఇచ్చే లెటర్ లేకుండా అడుగు బయట పెట్టకూడదు.

మూడోది అప్రెంటిస్‌షిప్. దీనికి 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఉంది, రాతపూర్వకమైన కాంట్రాక్టు, స్టైపెండ్ ఉంటాయి. ఇంటర్ వొకేషనల్ పాసైన వాళ్లు ఏడాది పాటు చేసేది ఇదే, మన దక్షిణాది రాష్ట్రాలకి దాన్ని చెన్నైలోని బోర్డ్ ఆఫ్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ చూస్తుంది. నాలుగోది వేసవి సెలవుల్లో తెలిసిన కొట్లో పనికి పెట్టడం. దానికి ట్రైనింగ్ అని ఎంత అందంగా పేరు పెట్టినా అది పనే, బాలకార్మిక చట్టం పూర్తిగా వర్తిస్తుంది.

పుట్టిన తేదీ చూడండి, తరగతి కాదు

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. తొమ్మిదో తరగతి అనగానే పద్నాలుగేళ్లు వచ్చేసి ఉంటాయనుకుంటాం. కానీ అయిదేళ్లకే ఒకటో తరగతిలో చేరిన పిల్లలకి తొమ్మిది మొదలయ్యేనాటికి పదమూడే. 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించాక పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. బడి అయ్యాక ఇంటి వాళ్లకి సాయం చేయడం లాంటి ఒకటి రెండు మినహాయింపులున్నాయి గానీ అవి బయటి షాపులకి వర్తించవు. పెట్టుకున్న యజమానికి ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల దాకా జరిమానా, లేదా రెండూ.

అందుకని లిస్టు తయారు చేసేటప్పుడే ప్రతి పేరు పక్కన పుట్టిన తేదీ రాసుకోండి. పద్నాలుగు నిండని వాళ్లుంటే క్లాసంతా కలిసి ఒక పూట వెళ్లి చూసి వచ్చేలా విజిట్ పెట్టండి, లేదా ఆ పనివాడినే స్కూల్‌కి పిలిచి క్లాస్ చెప్పించండి. ఒక టైలరమ్మ మా స్కూల్‌కి వచ్చి గంటన్నరలో జాకెట్ కటింగ్ చూపించింది, పిల్లలు నా క్లాసు కూడా అంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదు.

ఎక్కడికి పంపకూడదో ముందు కొట్టేయండి

పద్నాలుగు నుంచి పద్దెనిమిది మధ్య వాళ్లకి పని పూర్తిగా నిషేధం కాదు, ప్రమాదకరమైన పనులు నిషేధం. గనులు, మండే పదార్థాలు, పేలుడు పదార్థాలు, చట్టం ప్రమాదకరమని లెక్కేసిన ఫ్యాక్టరీ ప్రక్రియలు. మన ఊరే ఫ్యాక్టరీల ఊరు కాబట్టి ఈ మాట మరెక్కడికన్నా ఇక్కడ గట్టిగా పట్టుకోవాలి. "మా బావ పరవాడ ఫార్మా సిటీలో సూపర్‌వైజరు, పిల్లోణ్ణి తీసుకుంటానన్నాడు" అని ఏటా ఒక్కరైనా వస్తారు. నేను 2020 మే 7 గుర్తు చేస్తాను. ఆ తెల్లవారుజామున ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి లీకై కనీసం పన్నెండు మంది పోయారు. ఆ తర్వాత ఎవరూ వాదించరు. అప్రెంటిస్ చట్టం కూడా ప్రమాదకర పరిశ్రమల్లో పద్దెనిమిది నిండితేనే అంటుంది.

ఫ్యాక్టరీ కాదు కదా అని టపాసుల కొట్టుకి పంపకండి, దీపావళి ముందు వారం రోజులు పిల్లల్ని నిలబెట్టేది అక్కడే. పెట్రోల్ బంకు, గ్యాస్ వెల్డింగ్ షెడ్డు కూడా నేను వద్దనే అంటాను.

మరి ఎక్కడికి పంపాలి అంటే, మొబైల్ రిపేర్, టైలరింగ్, బ్యూటీ పార్లర్, ఎలక్ట్రానిక్స్ షాపు, బట్టల షోరూము, హోటల్ ఫ్రంట్ ఆఫీసు, డయాగ్నొస్టిక్ సెంటరు రిసెప్షను, ఇలా బోలెడు. పెద్ద పేరున్న షోరూముల కోసం తల్లిదండ్రులు ఎగబడతారు గానీ నా అనుభవంలో అక్కడ పిల్లలు చేతులు కట్టుకుని చూడటమే ఎక్కువ. అయిదారుగురు పనివాళ్లున్న, ఓనరే కూర్చుని పనిచేసే షాపులో నేర్చుకునేది ఎక్కువ. ఇంటి నుంచి ఒకే బస్సులో వెళ్లగలిగే చోటు అయితే ఇంకా మంచిది. మద్దిలపాలెం పిల్లని గాజువాక పంపిస్తే ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లోనే సగం ఓపిక అయిపోతుంది.

టైము విషయంలో మొహమాటం వద్దు

పద్దెనిమిదిలోపు వాళ్లకి చట్టం చెప్పే లెక్క ఇది. వరసగా మూడు గంటలకి మించి పని చేయించకూడదు, ఆ తర్వాత కనీసం గంట విరామం ఇవ్వాలి, విరామంతో కలిపి రోజు మొత్తం ఆరు గంటలు దాటకూడదు. రాత్రి ఏడు నుంచి పొద్దున్న ఎనిమిది లోపు పనే లేదు. ఓవర్‌టైమ్ లేదు. ఒకే రోజు రెండు చోట్ల చేయించకూడదు. వారానికి ఒక రోజు సెలవు తప్పనిసరి.

చదివితే తేలిగ్గా ఉంటుంది, అమల్లో పెడితే తెలుస్తుంది. పది నుంచి ఒంటి గంట దాకా పని, గంట భోజనం, రెండు నుంచి నాలుగు దాకా పని, అంతే, అయిపోయింది. అసలు పని అయిదు గంటలే. బీచ్ రోడ్డు హోటళ్ల వాళ్లు "మాకు జనం వచ్చేదే ఏడు తర్వాత, పగలు వచ్చి ఏం నేర్చుకుంటాడు?" అంటారు, వాళ్ల మాటలోనూ న్యాయముంది. బేకరీ వాడు తెల్లారగట్ల అయిదింటికి రమ్మంటాడు. ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలంపాట చూడాలంటే తెల్లవారకముందే వెళ్లాలి. అలాంటివి చూపించాలనుకుంటే టీచరు వెంట ఉండి ఒక రోజు విజిట్‌గా తీసుకెళ్లండి, డ్యూటీగా వేయొద్దు. హోటల్ ట్రేడ్ పిల్లలకి నేను మధ్యాహ్నం భోజనాల టైము కలిసేలా పదకొండు నుంచి అయిదు వేయించాను. పదకొండు నుంచి రెండు దాకా సర్వీసు, మూడింటి దాకా విరామం, ఆ తర్వాత రెండు గంటలు సాయంత్రానికి టేబుళ్లు సర్దడం, బిల్లింగు.

"ఇది ట్రైనింగ్ కదండీ, పని కాదు, ఈ గంటలు మాకు వర్తించవు" అనే వాళ్లు తగులుతారు. వాళ్లతో చట్టం మీద చర్చ పెట్టుకోకండి. మా స్కూల్ పెట్టిన గీత ఇదే, ఒప్పుకుంటే పంపుతాం అనండి, చాలు.

కాగితం రాయించండి, ఒక పేజీ చాలు

ఈ ఒక్క మెట్టు గట్టిగా పట్టుకుంటే మిగతావన్నీ సగం వాటంతటవే సర్దుకుంటాయి. బాండ్ పేపరు, నోటరీ ఏమీ అక్కర్లేదు. స్కూల్ లెటర్‌హెడ్ మీద, తెలుగులో, షాపు ఓనరు చదువుకుని అర్థం చేసుకునేలా రాయాలి. పిల్ల పేరు, పుట్టిన తేదీ, ఏ రోజు నుంచి ఏ రోజు దాకా, ఏ టైము నుంచి ఏ టైము దాకా, వారంలో సెలవు ఏ రోజు, భోజనం ఎక్కడ. నేర్పే మనిషి పేరు. షాపు పేరు కాదు, మనిషి పేరు, ఎందుకంటే "మేం నేర్పుతాం" అంటే ఎవరూ నేర్పరని అర్థం.

ఆ కింద అసలు విషయం: ఏ వారం ఏం నేర్పుతారు. మొదటి వారం పనిముట్ల పేర్లు, జాగ్రత్తలు, చూడటం. రెండో వారం చైన్ శుభ్రం చేసి టైట్ చేయడం, ఆయిల్ మార్చడం. మూడో వారం బ్రేకులు. ఇలా పది లైన్లు సరిపోతాయి. ఇది మీరొక్కరే కూర్చుని రాసేయొద్దు, సిలబస్ పట్టుకెళ్లి ఓనరు దగ్గర కూర్చుని ఇద్దరూ కలిసి రాయండి, ఆయన షాపులో ఏ పని రోజూ వస్తుందో ఆయనకే తెలుసు.

ఇంకా కింద, చేయించకూడనివి. బండి నడపడం ఇందులో మొదటిది. గేర్లు లేని 50 సీసీ లోపు బండికి తప్ప పద్దెనిమిది నిండకుండా లైసెన్సే రాదు, మన రోడ్ల మీద తిరిగే పెట్రోల్ స్కూటీలు దాదాపు ఏవీ ఆ లెక్కలోకి రావు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ ప్రకారం మైనరు బండితో నేరం చేస్తే బండి ఓనరుకి లేదా సంరక్షకుడికి 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు, ఆ పిల్లాడికి ఇరవై అయిదేళ్లు వచ్చే దాకా లైసెన్స్ ఇవ్వరు. ఈ ముక్క ఓనరుకి చదివి వినిపించండి, మీరు ఇంకేం చెప్పక్కర్లేదు. క్యాష్ బ్యాంకుకి పట్టుకెళ్లడం, ఒంటరిగా షాపు తెరవడం, మూయడం కూడా రాయండి.

సంతకాలు నాలుగు: ఓనరు, స్కూల్, అమ్మో నాన్నో, పిల్ల. తలా ఒక కాపీ. పిల్ల సంతకం ఎందుకని ఒక హెడ్మాస్టారు నన్ను అడిగారు. తను ఏం నేర్చుకోవాలో తనకి తెలిస్తేనే కదా, నేర్పకపోతే అడిగేది.

డబ్బులు, దెబ్బలు

స్కూల్ ఇంటర్న్‌షిప్‌కి జీతం వస్తుందని ఆశ పెట్టుకోకండి, బస్సు ఖర్చులు, మధ్యాహ్నం భోజనం ఇస్తే సంతోషం. అదే అప్రెంటిస్‌షిప్ అయితే స్టైపెండ్ హక్కు. 2019 నిబంధనల్లో పదో తరగతి పాసైన వాళ్లకి నెలకి కనీసం 6 వేలు, ఇంటర్ పాసైన వాళ్లకి 7 వేలు అని పెట్టారు. ఆ తర్వాత మారి ఉండొచ్చు, ఇప్పుడెంతో కనుక్కుని అంతకన్నా తక్కువకి సంతకం పెట్టొద్దు. మైనరైతే కాంట్రాక్టు మీద సంరక్షకుడు సంతకం చేయాలి, అది ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు కావాలి. డబ్బు పిల్ల పేరు మీదున్న ఖాతాలోనే పడాలి, చేతికి కవరు వద్దు. అప్రెంటిస్ చట్టం వీళ్లని పనివాళ్లని అనదు, నేర్చుకునేవాళ్లనే అంటుంది, అయినా పని చేస్తుండగా దెబ్బ తగిలితే నష్టపరిహారం బాధ్యత యజమానిదే.

స్కూల్ ఇంటర్న్‌షిప్‌లో దెబ్బ తగిలితే ఎవరు చూస్తారన్నది ఆ ఒక పేజీలోనే రాయించండి. టీటీ ఇంజెక్షన్ ముందే వేయించండి, బ్లడ్ గ్రూపు ఐడీ కార్డు మీద ఉండాలి. చెప్పులు కాదు, బూట్లు. మిషన్ల దగ్గరైతే చున్నీ, విరబోసిన జుట్టు, చేతికి దారాలు వద్దు. మే నెల ఉక్కపోతలో నీళ్ల సీసా మర్చిపోకండి, ఇది చిన్న విషయం కాదు, ఒక పాప కళ్లు తిరిగి పడిపోయింది నాకు తెలిసే.

అమ్మాయిలైతే, ఆ మాటకొస్తే ఎవరైనా

పంపే ముందు మీరే స్వయంగా వెళ్లి చూడండి. వాడుకునే స్థితిలో బాత్రూము ఉందా, లోపల గడియ పడుతుందా. షాపులో ఇంకో ఆడమనిషి ఉందా. ఓనరు గానీ సీనియర్లు గానీ పిల్లకి విడిగా మెసేజ్‌లు పెట్టకూడదు, అమ్మానాన్న, టీచరు ఉన్న వాట్సాప్ గ్రూపులోనే మాట్లాడాలి. పనిచోట లైంగిక వేధింపులపై 2013 చట్టం ట్రైనీలకి, అప్రెంటిస్‌లకి కూడా వర్తిస్తుంది, పది మంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండి తీరాలి. అలాంటి చోటికి పంపుతుంటే కమిటీలో ఎవరున్నారో అడగండి, నీళ్లు నమిలితే వేరే చోటు చూసుకోండి. పిల్ల ఫోన్‌లో పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు సేవ్ చేసి పెట్టండి, ఎందుకు పెడుతున్నారో కూడా చెప్పండి.

మొదటి వారంలోనే చూడ్డానికి వెళ్లండి

చెప్పకుండా వెళ్లండి, మూడో రోజో నాలుగో రోజో. నేను పన్నెండో రోజున వెళ్లాను, ఏమైందో పైన రాశాను. ఇంట్లో "ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అంటారు, అక్కడితో ఆగిపోతుంది. "ఇవాళ చేత్తో ఏం పట్టుకున్నావు?" అని అడగండి. లాగ్‌బుక్ ఏ రోజుది ఆ రోజే రాయించండి, ఆఖరి రోజు ముప్పై రోజులూ ఒకే పెన్నుతో రాసిన పుస్తకాలు నేను చాలా చూశాను. వరసగా మూడు రోజులు ఊడ్చడం, తుడవడం మాత్రమే కనిపిస్తే ఆ ఒక పేజీ పట్టుకుని ఓనరు దగ్గరకి వెళ్లండి. ఒకసారి చెప్పి చూడండి, అయినా మారకపోతే చోటు మార్చండి.

పైన చెప్పిన షెడ్డుకే పోయిన ఏడాది మళ్లీ ఇంకో అబ్బాయిని పంపాను, ఈసారి కాగితంతో. ఓనరు దాన్ని సింహాచలం అప్పన్న క్యాలెండరు పక్కన మేకుకి తగిలించాడు. నేను నాలుగో రోజు వెళ్తే "ఇంకా రెండో వారం రాలేదు మాస్టారూ, తొందరపెట్టకండి" అని నన్నే కసిరాడు.

సర్టిఫికెట్ మాత్రం ఆఖరి రోజునే, షట్టర్ వేసేలోపు రాయించుకోండి, తర్వాత రమ్మంటే నెల తిప్పుతారు. "ప్రవర్తన బాగుంది" అన్న ఒక్క ముక్క ఎవరికీ పనికిరాదు, ఏయే పనులు చేయగలడో పేరుపేరునా రాయించండి. ఆ ఒక పేజీలో ఉన్న లైన్లనే కాపీ చేయమనండి.