తుపాను వెలిసింది, రోడ్డు తెగింది: కొండ ఊళ్లో మొదటి రోజులు ఎలా గట్టెక్కాలి?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. నగరంలో జరిగిన నష్టం దేశమంతా టీవీల్లో చూసింది. అదే గాలి ఘాట్ ఎక్కి అనంతగిరి, అరకు, పాడేరు వైపు కూడా వెళ్లింది. కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు విరిగి, కింద కాయలతో ఉన్న కాఫీ మొక్కల మీదే పడ్డాయి. ఆ సంగతి మిగతా రాష్ట్రానికి చాలా ఆలస్యంగా తెలిసింది.

కొండ ఊరికి ఏదైనా ఆలస్యంగానే చేరుతుంది. ముందు ఘాట్ రోడ్డు తెరవాలి, తర్వాత మండల కేంద్రం నుంచి పంచాయతీకి వెళ్లే రోడ్డు, ఆ తర్వాత ఊరి బాట. జేసీబీ అయినా, కరెంటు స్తంభమైనా, బియ్యం లారీ అయినా ఈ వరసలోనే రావాలి. కాబట్టి మొదటి నాలుగైదు రోజులు ఊరిని ఊరే చూసుకోవాలి. ఆ రోజుల్లో ఏ పని ముందు, ఏది వెనక అన్నది తెలిస్తే సగం కష్టం తగ్గుతుంది. కింద రాసినవి మన ఏజెన్సీ ఊళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి.

1. బయటికి వచ్చే ముందు ఆగండి, వచ్చాక మనుషుల్ని లెక్కపెట్టండి

గాలి ఉన్నట్టుండి ఆగిపోతే తుపాను అయిపోయిందని అనుకోవద్దు. తుపాను కన్ను పైనుంచి పోతున్నప్పుడు కాసేపు అలాగే ఉంటుంది. తర్వాత ఎదురు దిక్కు నుంచి మళ్లీ అంతే గాలి కొడుతుంది. గాలి నెమ్మదిగా తగ్గుతూ ఆగితేనే నిజంగా తగ్గినట్టు.

బయటికి వచ్చాక మొదటి పని రేకులు ఏరుకోవడం కాదు, ఇంటింటికీ తిరిగి మనుషుల్ని లెక్కపెట్టడం. ఒంటరిగా ఉండే ముసలివాళ్లు, నెలలు నిండిన గర్భిణులు, పొలంలో పాక వేసుకుని కాపలా ఉన్నవాళ్లు, పశువుల వెంట వెళ్లినవాళ్లు: ఈ నలుగురి సంగతి ముందు తేలాలి. ఊరి కుర్రాళ్లు ఇద్దరిద్దరుగా వెళ్లాలి, ఒంటరిగా ఎవరూ వెళ్లొద్దు. ఎవరెక్కడ ఉన్నారో ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి. తర్వాత రోజుల్లో బియ్యం పంచడానికీ, అధికారులకు చెప్పడానికీ ఇదే పుస్తకం పనికొస్తుంది.

2. కొండ వైపు, గెడ్డ (కొండవాగు) వైపు చూడండి

కొండ ఊళ్లకు గాలి ఆగాక వచ్చే ప్రమాదం ఎక్కువ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. పక్కనే ఒడిశాలో గజపతి జిల్లా కొండల్లో, వానకు భయపడి గుహలాంటి చోట తలదాచుకున్నవాళ్ల మీద కొండచరియలు విరిగిపడ్డాయి. పదిమందికి పైగా అక్కడే చనిపోయారు. రాతి కింద పొడిగా ఉందని, గట్టిగా ఉందని అనిపించే చోటు కూడా నానిన కొండ కిందే ఉంటుంది.

అందుకే వెలుగు వచ్చాక పెద్దవాళ్లు ఇద్దరు ఊరి పైభాగం చూసి రావాలి. నేల మీద కొత్తగా పగుళ్లు వచ్చాయా, నిటారుగా ఉండే చెట్లు, స్తంభాలు ఒకే వైపు ఒరిగాయా, తలుపులు గడపకు ఉన్నట్టుండి పట్టేస్తున్నాయా, ఎప్పుడూ లేని చోట నీరు ఊరుతోందా చూడాలి. వీటిలో ఏది కనిపించినా ఆ కింద ఉన్న ఇళ్లవాళ్లు ఆ రాత్రి అక్కడ పడుకోకూడదు. బడిలోనో, చర్చిలోనో, అంగన్‌వాడీలోనో, అవి కొండకు దూరంగా ఉంటేనే, పడుకోవాలి.

గెడ్డ గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. వాన పడుతున్నా గెడ్డలో నీళ్లు ఒక్కసారిగా తగ్గిపోతే సంతోషించకండి. పైన ఎక్కడో మట్టి, చెట్లు అడ్డం పడి నీరు నిలిచిందని దాని అర్థం. ఆ కట్ట తెగితే రాళ్లతో సహా వస్తుంది. నీళ్లు ఉన్నట్టుండి బురదగా మారినా, పైనుంచి రాళ్లు దొర్లే చప్పుడు వినిపించినా అంతే. అలాంటప్పుడు గెడ్డ వెంట కిందికి పరుగెత్తకూడదు, పక్కకు, గట్టు మీదికి వెళ్లాలి.

3. కరెంటు తీగలు

తెగిన తీగ కనిపిస్తే కరెంటు లేదుగా అని దాటొద్దు. కనీసం పది మీటర్ల దూరం ఉండండి, రెండు వైపులా కొమ్మలు అడ్డం పెట్టండి, పిల్లల్ని, పశువుల్ని అటు పోనివ్వకండి. లైను ఎప్పుడు ఛార్జ్ చేస్తారో మనకు తెలియదు. ఫోను కలిస్తే కరెంటు శాఖ నంబరు 1912కు చెప్పండి. స్తంభం నంబరు కూడా చెబితే వాళ్లకు చోటు వెంటనే తెలుస్తుంది. ఎవరి దగ్గరైనా జనరేటర్ ఉంటే దాన్ని ఇంట్లో గాని, వరండాలో గాని నడపొద్దు. దాని పొగ వాసన తెలియకుండానే ప్రాణం తీస్తుంది.

4. బాట తెరవండి, కానీ చెట్టు నరకడం తెలిసినవాళ్లే నరకాలి

తుపాను వెలిసిన రెండో రోజు నుంచి ఊరంతా కత్తులు, గొడ్డళ్లు పట్టుకుని బయల్దేరుతుంది. మంచిదే, రోగిని మోసుకెళ్లే డోలీ పోయేంత బాట ముందు కావాలి. కానీ నిలబడిన చెట్టును నరికే అలవాటు వేరు, పడిన చెట్టును కోయడం వేరు. పడిన చెట్టులో బలం బిగిసి ఉంటుంది. తప్పు చోట కోస్తే విల్లులా లేచి కొడుతుంది.

మాను రెండు చివరలా ఆని మధ్యలో గాలిలో ఉంటే, పైనుంచి మొత్తం కోస్తూ పోతే రంపం మధ్యలో ఇరుక్కుపోతుంది. ముందు పైనుంచి మూడోవంతు కోసి, తర్వాత కిందనుంచి పైకి కోయాలి. మాను ఒక చివర మాత్రమే ఆని రెండో చివర గాలిలో వేలాడుతుంటే దీనికి తిరగేసి: ముందు కింద కొంచెం కోసి, తర్వాత పైనుంచి కోయాలి. లేకపోతే కోత పూర్తికాక ముందే మాను నిలువునా చీలి ముఖం మీదికి వస్తుంది.

అన్నిటికంటే మోసం చేసేది వేళ్లతో సహా పెకిలిన చెట్టు. మొదలు దగ్గర మాను కోసేయగానే బరువు పోయి, మట్టితో సహా ఆ వేళ్ల గడ్డ మళ్లీ గుంటలోకి వాలిపోతుంది. ఆ గుంటలో పిల్లలు ఆడుకుంటూ ఉంటారు, మేకలు నిలబడి ఉంటాయి. కోసే ముందు గుంటలో ఎవరూ లేరని చూసి, ఒక మనిషిని అక్కడ కాపలా పెట్టండి. వాలులో పడిన మానును ఎప్పుడూ పైవైపు నిలబడే కోయాలి, కిందవైపు మనిషి ఉండకూడదు. సిల్వర్ ఓక్ కొమ్మలు పెళుసు. విరిగి పైనే చిక్కుకున్న కొమ్మ రెండు రోజుల తర్వాత కూడా పడుతుంది, దాని కింద కూర్చుని అన్నం తినొద్దు.

కోసిన కలపను వెంటనే అమ్మేయకండి. తుపాను తర్వాత తక్కువ ధరకు అడిగేవాళ్లు రోడ్డుకంటే ముందే వస్తారు. తోటవారీగా పేర్చి, ఎన్ని చెట్లు పడ్డాయో రాసుకుని, ఫొటోలు తీసుకున్నాక అమ్మకం గురించి ఆలోచించవచ్చు.

5. నీళ్లు

రోగాలు మొదలయ్యేది ఇక్కడే. మన కొండ ఊళ్లలో చాలాచోట్ల పైన ఊట దగ్గర చిన్న తొట్టి కట్టి, అక్కడినుంచి పైపు ద్వారా కుళాయికి నీళ్లు తెస్తారు. మోటారు అక్కర్లేదు, కరెంటు పోయినా వస్తాయి. కానీ పైపు మీద ఒక చెట్టు పడితే చాలు, ఊరంతా గెడ్డకు పోవాల్సి వస్తుంది. ఆ గెడ్డలో అప్పటికే పైఊరి మురుగు, చచ్చిన కోళ్లు, పశువులు ఉంటాయి.

కాబట్టి రెండో రోజే నలుగురిని ఊట దగ్గరికి పంపండి. తొట్టిలో చేరిన మట్టి, ఆకు తీసేయాలి. తొట్టికి పైన చిన్న కాలువ తవ్వి వాననీరు పక్కకు పోయేలా చేయాలి. పైపు పగిలిన చోట ముక్క కోసేసి జాయింటు వేయాలి. జాయింటు దొరకకపోతే పాత సైకిల్ ట్యూబును పొడుగ్గా చీల్చి, లాగి లాగి బిగించి చుడితే కొన్నాళ్లు ఆగుతుంది. మొదట వచ్చిన నీళ్లు పారబోసి, తేటగా వచ్చాకే పట్టుకోండి.

బురద నీళ్లే దిక్కయితే, పటిక ముక్కను బిందెలో కొద్దిసేపు తిప్పి రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున పైతేట మాత్రం వంచి, పాత నూలు చీరను నాలుగు మడతలు వేసి వడకట్టి, తర్వాత కాచండి. తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం తెర్లితే చాలు, కట్టెలు తడిసి ఉన్న రోజుల్లో అంతకంటే ఎక్కువ కాచి కట్టెలు వృథా చేయొద్దు. కాచడానికి వీల్లేకపోతే ఆశా కార్యకర్త దగ్గర క్లోరిన్ బిళ్లలు అడగండి. ఊరి ట్యాంకుకైతే వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ కలిపి అరగంట ఆగాలి. బురదగా ఉన్న నీళ్లలో క్లోరిన్ సరిగా పనిచేయదు, అందుకే ముందు తేర్చాలి.

విరేచనాలు మొదలైతే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కోసం ఎదురుచూడకండి. లీటరు కాచిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో కొలిచి, కలిపి కొంచెం కొంచెంగా తాగించండి. ఉప్పు అంతకు మించకూడదు. జ్వరం వస్తే ఆ రోజే ఏఎన్‌ఎం చేత మలేరియా పరీక్ష చేయించండి. పొదల్లో, చెత్తలో పని చేసినవాళ్లకు జ్వరంతో పాటు ఒంటి మీద నల్లటి పొక్కు కనిపిస్తే అది స్క్రబ్ టైఫస్ (సన్న పురుగు కాటుతో వచ్చే జ్వరం) కావచ్చు. దానికి మందు ఉంది, ఆలస్యం చేయడమే ప్రమాదం. కూలిన పెంకులు, కట్టెల కుప్పల్లో చేతులు పెట్టకుండా ముందు కర్రతో కదిలించండి, పాములు అక్కడే చేరతాయి.

6. కప్పు, తిండి, కబురు

రేకు లేచిపోయిన ఇంటిమీద బరకం (టార్పాలిన్) వేసేటప్పుడు చిల్లు ఉన్నంత మేరే కప్పితే లాభం లేదు. నడికప్పు మీదుగా రెండో వైపుకు దించి, అంచును సన్న కర్రకు చుట్టి, ఆ కర్రను మేకులతో కొట్టండి. తడి కప్పు ఎక్కేవాళ్లకు నడుముకు తాడు కట్టాలి.

తడిసిన చోళ్లు (రాగులు), ధాన్యం, రాజ్మా ముందు నేల మీద పలుచగా ఆరబోయండి. మొలక వచ్చినవాటిని, బూజు పట్టినవాటిని విత్తనాల్లో కలపొద్దు. ఇళ్లలో విడివిడిగా వండే బదులు మొదటి మూడు రోజులు ఒకే పొయ్యి పెట్టుకుంటే కట్టెలు, బియ్యం, మంచినీళ్లు మూడూ మిగులుతాయి. పక్క వీధితో పాత తగాదా ఉన్నా ఈ పని మానొద్దు.

సిగ్నల్ దొరికే కొండ ఏదో ప్రతి ఊరికీ తెలుసు. అందరూ అక్కడికి పరుగెత్తి ఫోన్లన్నీ ఖాళీ చేసుకునే బదులు, రోజుకు రెండుసార్లు ఒక మనిషి జాబితాతో వెళ్లాలి. కాల్ కలవని చోట మెసేజ్ వెళ్తుంది. ఏం చెప్పాలో ముందే రాసుకోండి: ఊరి పేరు, పంచాయతీ, ఎంతమంది, ఎవరికి బాగాలేదు, రోడ్డు ఎక్కడ తెగింది, ఏం కావాలి. జిల్లా కంట్రోల్ రూమ్ నంబరు 1077, అంబులెన్స్ 108. అంబులెన్స్ ఎక్కడిదాకా రాగలదో అడిగి, అక్కడిదాకా డోలీ బయల్దేరదీయండి. కాన్పు దగ్గరపడిన వాళ్లను నొప్పులు రాకముందే కిందికి చేర్చడం అన్నిటికంటే మంచిది.

విశాఖలో, హైదరాబాద్‌లో ఉన్న బంధువులకు ఒక మనవి. కారేసుకుని ఘాట్ ఎక్కకండి. మీ కారు ఆగిన చోటే జేసీబీ కూడా ఆగిపోతుంది. పాత బట్టల మూటలు వద్దు. బరకాలు, నైలాన్ తాడు, మేకులు, టార్చి సెల్స్, దుప్పట్లు, శానిటరీ ప్యాడ్లు, ఉప్పు, నూనె, ఇవే అడుగుతారు. సంత మళ్లీ మొదలయ్యాక డబ్బు పంపితే ఇంకా మేలు.

7. ఊడ్చేసే ముందు ఫొటో

ఇల్లు శుభ్రం చేయాలనే ఆత్రంలో సాక్ష్యం పోతుంది. కూలిన గోడ, చచ్చిన పశువు, పడిన తోట, అన్నిటినీ ఇంటి మనిషి పక్కన నిలబడి ఉండగా ఫొటో తీయండి. పశువు చనిపోతే పాతిపెట్టే ముందు పశువైద్య సిబ్బందికి చూపించే వీలుందా చూడండి, లేకపోతే చెవికి వేసిన నంబరు ట్యాగు కనిపించేలా ఫొటో అయినా ఉండాలి.

పంట 33 శాతం, అంతకు మించి పోతేనే సాయానికి లెక్కలోకి తీసుకుంటారు. అందుకని సిబ్బంది వచ్చినప్పుడు రైతు అక్కడే ఉండాలి. ఈ-క్రాప్‌లో (ప్రభుత్వ పంట నమోదులో) పేరు ఉందా, ఆర్‌ఓఎఫ్‌ఆర్ పట్టా (అటవీ హక్కుల పట్టా) భూమి అయితే ఆ నంబరు రాశారా అని చూసుకోవాలి. కువి, ఆదివాసీ ఒడియా వంటి గిరిజన భాషలు మాత్రమే మాట్లాడే పెద్దవాళ్ల ఇళ్లకు చదువుకున్న కుర్రాడు తోడు వెళ్లాలి, లేకపోతే వాళ్ల నష్టం కాగితం ఎక్కదు. జాబితాను గ్రామ సచివాలయంలో అంటించాక అందరూ చూసి, పేరు లేనివాళ్లు అప్పుడే అర్జీ పెట్టాలి.

8. కాఫీ తోటలోకి వెళ్లాక

ముందు మానులు తీయండి, కానీ ఈడ్చుకుపోవద్దు. ఈడిస్తే బతికిన కాఫీ మొక్కలు కూడా పోతాయి. పొట్టి ముక్కలుగా కోసి మోసుకు రండి. ఒరిగిన మొక్కను మెల్లగా నిలబెట్టి, మొదట్లో మట్టి ఎగదోసి తొక్కి, కర్ర పాతి కట్టండి. మొదలు విరిగినదాన్ని నేలకు ఒక అడుగు పైన ఏటవాలుగా కోస్తే కొత్త చిగుళ్లు వస్తాయి. వాటిలో బలమైన ఒకటి రెండు ఉంచి మిగతావి తుంచేయాలి. అక్టోబరులో రాలే కాయ ఎక్కువగా పచ్చిదే ఉంటుంది. దాన్ని ఏరి విడిగా ఆరబెట్టండి, తర్వాత కోసే పండుతో కలిపితే మొత్తం సరుకు ధర పడిపోతుంది.

నీడ పోవడం వల్ల వచ్చే నష్టం మరుసటి ఏడాది కనిపిస్తుంది. కాఫీ తెల్ల కాండం తొలిచే పురుగు ఎండ తగిలే మొక్కలనే ఎంచుకుంటుంది. ఆ పురుగు తల్లులు ఎగిరేది ఏప్రిల్-మే నెలల్లో, మళ్లీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అంటే మన తుపాన్ల కాలంలోనే. అందుకే నీడ పోయిన మొక్కల కాండం మీద లేచిన బెరడును గోనెపట్టాతో రుద్ది తీసేసి, 200 లీటర్ల నీళ్లకు 20 కిలోల సున్నం కలిపి కాండానికి, లావు కొమ్మల మొదళ్లకు పట్టించండి. కాండం మీద ఉబ్బిన గీతలు, పసుపెక్కిన ఆకులు కనిపిస్తే ఆ మొక్కను పీకి కాల్చేయాలి.

పడిన చెట్ల మీద పాకిన మిరియాల తీగను పారేయకండి. పచ్చిగా ఉన్న కణుపులను కోసి సంచుల్లో నాటి నీడలో ఉంచితే వానలకు మొక్కలు అందుతాయి. నీడచెట్ల మొక్కల కోసం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ), కాఫీ బోర్డు కార్యాలయాల్లో వేసవిలోనే అడిగి పేరు రాయించుకోండి. ఈసారి అంతా సిల్వర్ ఓకే కాకుండా పనస, మామిడి, నేరేడు కూడా కలిపి, గుంటలు మే నెలలో తవ్వి, జూన్‌లో మొదటి వానలు పడగానే నాటండి.