పాట కంటే ముందు ఖాళీ తీగలు
స్కూల్ ఆర్కెస్ట్రాలో కొత్తగా వయొలిన్ పట్టిన పిల్లలు ఇంటికి రాగానే నేరుగా పాట అందుకుంటారు. దానికి ముందు ఐదు నిమిషాలు అద్దం దగ్గర నిలబెట్టండి, వయొలిన్ తల అద్దం వైపు ఉండేలా. ఎడమ చేతి వేళ్లతో నొక్కకుండా, అంటే ఖాళీగా ఉన్న జి, డి, ఎ, ఇ తీగల మీద కమానును (వాయించే కర్ర) ఒక్కోసారి నాలుగు లెక్కపెట్టేంత సేపు లాగమనండి. కమాను బ్రిడ్జికి (తీగలను ఎత్తి పట్టే చిన్న చెక్క) సమాంతరంగా వెళ్తోందా, ఫింగర్‌బోర్డు (ఎడమ చేతి వేళ్లతో తీగలు నొక్కే పలక) మీదికి జారుతోందా అన్నది వాళ్లకే కనబడుతుంది, మనం పక్కన కూర్చుని అరవక్కర్లేదు. గరగరమంటే తీగ మీద కమాను ఒత్తిడి ఎక్కువైనట్టు, గాలిపోయినట్టు పలచగా వినిపిస్తే తక్కువైనట్టు. కారులో వెళ్తున్నప్పుడైతే కమాను పట్టుకోవడం సాధన చేయడానికి పెన్సిల్ చాలు: బొటనవేలు వంచి, చిటికెనవేలు గుండ్రంగా పైన ఆనించి పట్టుకోమనండి. వాయించడం అయ్యాక కమాను మర వదులు చేయించడం మాత్రం మరవకండి.