చేతి పనిముట్లతో చెక్క స్టూలు: కుసి, బెజ్జం బిగువుగా కుదిరేలా చేయడం ఎలా?

చెక్కపనిని అభిరుచిగా మొదలుపెట్టేవారు చాలామంది నాలుగు కర్రలను స్క్రూలతో బిగించి, పైన పలక వేసి, పని అయిపోయిందనుకుంటారు. ఏడాది తిరగకముందే ఆ స్టూలు ఊగడం మొదలవుతుంది, స్క్రూలు మళ్ళీ బిగిస్తారు, రంధ్రాలు వదులవుతాయి, చివరకు అది అటకెక్కుతుంది. వారికి శ్రద్ధ లేదని కాదు, ఈ పనిలో ఆనందమంతా ఉన్న చోటును, అంటే అతుకును, వారు దాటేసి వెళ్ళిపోయారు. ఒక కర్ర చివర చెక్కిన కుసి ఇంకో కర్రలో తొలిచిన బెజ్జంలోకి అరచేతి ఒత్తిడితో మెల్లగా దిగి, భుజం (కుసి మొదట్లో మెట్టులా మిగిలే కర్ర అంచు) చుట్టూ వెంట్రుకంత సందు కూడా లేకుండా ఆగినప్పుడు కలిగే తృప్తి కోసమే చేతి పనిముట్లు పట్టాలి. అందుకే ఈ వ్యాసంలో మిగతా దశలను త్వరగా ముగించి, అతుకు దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

కావలసినవి

6 మి.మీ. ఉలి ఒకటి, 25 మి.మీ. ఉలి ఒకటి, కొయ్య సుత్తి, వెన్నుపట్టీ ఉన్న సన్నపళ్ళ రంపం, చిత్రిక, మూలమట్టం, చెక్క అంచుకు సమాంతరంగా జంట గీతలు గీసే రెండు ముళ్ళున్న మార్కింగ్ గేజ్, గీత గీయడానికి పదునైన చాకు, రెండు రకాల సానరాళ్ళు, నాలుగు క్లాంపులు, చెక్కలను పట్టి ఉంచే వైస్, తెల్ల జిగురు. పెద్ద ఉలి సెట్లు కొనవద్దు. అందులో సగం ఉలులు ఎన్నటికీ పెట్టెలోంచి బయటకు రావు. పెన్సిలును కొలతల జాబితాకూ చెక్కల మీద గుర్తులకూ మాత్రమే వాడాలి, కోతగీతకు వాడకూడదు. పెన్సిలు గీతకు మందం ఉంటుంది, ఆ మందంలో ఏ అంచున కోయాలో ఎవరూ చెప్పలేరు. చాకుగీతకు మందం ఉండదు, పైగా ఉలి అంచు అందులో తనంతట తానే కూర్చుంటుంది.

ఉలి పదును గురించి ఒక్క మాట. ఉలి వెనుకభాగం అంచు దగ్గర అద్దంలా చదునుగా ఉండాలి, ముందువైపు వాలును 25 డిగ్రీలకు తీర్చి, కొసను మాత్రం 30 డిగ్రీలకు సానపట్టాలి. 1000 నంబరు రాయి మీద వెనుకవైపు సన్నని పొర అంచు పొడవునా తేలేదాకా రుద్ది, తరువాత 6000 నంబరు రాయి మీద రెండువైపులా మెరుగుపెట్టి ఆ పొరను తీసేయాలి. మెత్తటి చెక్క కొసను అడ్డంగా చెక్కి చూస్తే, నార నలగకుండా నున్నగా తెగాలి. అలా తెగని ఉలితో పని మొదలుపెట్టకూడదు, ఎందుకంటే మొద్దు ఉలికి బలం ఎక్కువ పెట్టాల్సి వస్తుంది, బలం ఎక్కువైన చోటే ఉలి జారుతుంది. ఎప్పుడైనా సరే, రెండు చేతులూ ఉలి అంచుకు వెనుకే ఉండాలి.

చెక్కలు సిద్ధం చేయడం

ఎండిన కలప తీసుకోవాలి. కాళ్ళకు 40 మి.మీ. చదరంగా, 430 మి.మీ. పొడవున నాలుగు ముక్కలు. కాళ్ళను కలిపే అడ్డపట్టీలకు 18 మి.మీ. మందం, 70 మి.మీ. వెడల్పు, 240 మి.మీ. పొడవున నాలుగు, పైపలకకు 320 మి.మీ. చదరపు చెక్క. కాలి పొడవు చివరకు 400 మి.మీ. మాత్రమే; ఆ అదనపు 30 మి.మీ.లను పైకొసన వదిలేయాలి. బెజ్జం కాలి కొసకు దగ్గరగా వస్తుంది కాబట్టి, అక్కడ అదనపు చెక్క లేకపోతే సుత్తి దెబ్బకు కొస చీలిపోతుంది.

ప్రతి ముక్కకూ బయటికి కనబడే ముఖాన్ని (కాలికైతే అలాంటివి పక్కపక్కన రెండు) ఎంచుకుని, చిత్రికతో చదును చేసి, దాని మీద గుర్తు పెట్టాలి. ఇక్కడినుంచి ప్రతి గీతా ఈ ముఖానికి గేజ్‌ను ఆనించే గీయాలి. కొందరు ఒక గీత ఇటునుంచి, మరొక గీత అటునుంచి గీసి, చెక్క మందంలో ఉండే చిన్నపాటి తేడాలన్నింటినీ అతుకులోకి తెచ్చిపెట్టుకుంటారు. బయటి ముఖం నుంచే కొలిస్తే, ఆ తేడాలు ఎవరికీ కనబడని లోపలివైపుకు పోతాయి.

బెజ్జం తొలవడం

ముందు బెజ్జం, తరువాతే కుసి. ఈ వరుసను మార్చకూడదు. బెజ్జం వెడల్పును ఉలి నిర్ణయిస్తుంది, ఒకసారి తొలిచాక దాన్ని సరిదిద్దడం కష్టం. కుసినైతే పొరపొరగా తగ్గించవచ్చు.

గేజ్ ముళ్ళ మధ్య దూరాన్ని స్కేలుతో కాకుండా 6 మి.మీ. ఉలి అంచుతోనే అమర్చుకోవాలి. కాలి మీద బయటి ముఖం నుంచి 11 మి.మీ. దగ్గర మొదటి ముల్లు, 17 మి.మీ. దగ్గర రెండోది పడాలి. పట్టీ మీద అవే ముళ్ళు 6, 12 మి.మీ.ల దగ్గర పడతాయి, అంటే 18 మి.మీ. మందంలో సరిగ్గా నడిమి మూడోవంతు కుసి అవుతుంది, కాళ్ళు పట్టీల కంటే 5 మి.మీ. బయటికి నిలుస్తాయి. కాలి అసలు పైకొస గీత నుంచి 12 మి.మీ. కిందికి వదిలి, అక్కడినుంచి 50 మి.మీ. పొడవున బెజ్జం గుర్తించాలి. లోతు 22 మి.మీ.; కుసి పొడవు 20 మి.మీ. అడుగున మిగిలే 2 మి.మీ. జిగురుకు చోటు. ఒకే కాలిలో పక్కపక్క ముఖాల మీద తొలిచే రెండు బెజ్జాలు ఈ కొలతలతో ఒకదానినొకటి తగలవు.

తొలిచేటప్పుడు చెక్క పొడవు వెంట, దాని చివర నిలబడాలి. అప్పుడే ఉలి పక్కకు ఒరిగితే కంటికి తెలుస్తుంది. ఉలి మీద 22 మి.మీ. దగ్గర చిన్న టేపు అంటించి, నడుమ మొదలుపెట్టి, 3 మి.మీ. ఎడంతో రెండువైపులా కొట్టుకుంటూ, పొట్టును పైకి లేపుకుంటూ దిగాలి. రెండు కొసల దగ్గరా 2 మి.మీ. చెక్క చివరిదాకా ఉంచాలి, ఎందుకంటే పొట్టు లేపేటప్పుడు ఉలి ఆ అంచులను నలుపుతుంది. లోతు పూర్తయ్యాక ఆ నలిగిన భాగాన్ని గీతదాకా నిలువుగా తీసేస్తే అంచు శుభ్రంగా వస్తుంది. బెజ్జం పక్కగోడలను ఉలితో ముట్టుకోనే కూడదు. వాటిని నున్నగా చేద్దామన్న కోరిక చాలా స్టూళ్ళను పాడుచేసింది. డ్రిల్లుతో రంధ్రాలు వేసి తరువాత గోడలు చెక్కే పద్ధతిని కూడా నేను ఒప్పుకోను, ఆ పద్ధతిలో గోడలు తిన్నగా వస్తాయో లేదో చేతి నైపుణ్యం మీద ఆధారపడుతుంది, ఉలి పద్ధతిలో మాత్రం ఉలి వెడల్పే ఆ హామీ ఇస్తుంది.

కుసి కోసి, బెజ్జంలో కుదర్చడం

ఇదే అసలు పని. ఒక్కో అతుకుకు ఎంత సమయం పట్టినా పట్టనివ్వాలి. ఎనిమిది అతుకులనూ ఒకే రోజు ముగించాలన్న పట్టుదల వద్దు, అలసిన చేయి గీత దాటుతుంది.

పట్టీ రెండు కొసల నుంచీ 20 మి.మీ. లోపలికి, నాలుగు ముఖాల చుట్టూ చాకుతో భుజం గీత గీయాలి. చుట్టి వచ్చిన గీత మొదలైన చోటే కలవాలి. కలవకపోతే మూలమట్టమైనా తప్పు, చెక్క అంచైనా తప్పు, అది సరిచేయకుండా రంపం పట్టకూడదు. తరువాత పట్టీని వైస్‌లో ఏటవాలుగా బిగించి, దగ్గరి మూల నుంచి రంపాన్ని దించాలి. కోత గీతకు వదిలిపెట్టే చెక్కవైపు పడాలి, గేజ్ గీతలో సగం కుసి మీద కనబడుతూ మిగలాలి. ఒక ఏటవాలు కోత అయ్యాక పట్టీని తిప్పి రెండోవైపునుంచి అలాగే దించి, చివర నిటారుగా బిగించి నడుమ మిగిలిన త్రికోణాన్ని కోయాలి. రెండువైపులా అప్పటికే ఉన్న కోతలు రంపానికి దారి చూపుతాయి. కొత్తవారు మొదటినుంచీ నిటారుగా కోయబోయి, వెనుకవైపు ఏం జరుగుతోందో కనబడక, అడుగున సన్నబడిన కుసిని చేతిలో పెట్టుకుని బాధపడతారు.

భుజం కోసే ముందు, చాకుగీతకు వదిలేసే వైపున పెద్ద ఉలితో సన్నని వాలుగాడి తీయాలి. రంపం ఆ గాడి గోడకు ఆనుకుని నడుస్తుంది. ఈ గాడి తీయడానికి పట్టేది కొద్ది నిమిషాలే, అయినా ఎక్కువమంది వదిలేసేది దీన్నే. అతుకు చుట్టూ కనబడే సందుకు కారణం నూటికి తొంభై సార్లు ఇదే అని నా గట్టి అభిప్రాయం. తరువాత కుసి వెడల్పును పైవైపు 12, కిందివైపు 8 మి.మీ. తగ్గిస్తే 50 మి.మీ. మిగులుతుంది.

ఇప్పుడు కుదర్చడం. ముందు కుసి మూలను మాత్రమే బెజ్జం నోట్లో పెట్టి చూడాలి. మూలే దూరకపోతే మొత్తం కుసిని సుత్తితో దిగ్గొట్టడం మూర్ఖత్వం. కుసి మేకులా పనిచేసి కాలిని నిలువునా చీలుస్తుంది. అరచేతితో నొక్కితే సగం దిగాలి, మిగతా సగానికి కొయ్య సుత్తితో నాలుగైదు చిన్న తట్లు సరిపోవాలి. అంతకంటే బలం కావాలంటే కుసి లావుగా ఉంది. తలకిందులు చేసినప్పుడు దానంతట అది జారిపోతే వదులుగా ఉంది.

లావుగా ఉన్న కుసిని బయటికి తీసి వెలుతురుకు పట్టి చూస్తే, ఒరుసుకున్న చోట చెంప, అంటే కుసి వెడల్పైన పక్క, మెరుస్తుంది. ఆ మెరుపును మాత్రమే, 25 మి.మీ. ఉలితో నారకు అడ్డంగా, కాగితమంత పొర తీసి, మళ్ళీ పెట్టి చూడాలి. ఏ చెంప మీద తీయాలో మెరుపు ఒక్కటే చెప్పదు. పట్టీ బయటి ముఖం కాలి ముఖానికి 5 మి.మీ. కంటే తక్కువ లోపలికి ఉంటే బయటి చెంప మీద కాకుండా లోపలి చెంప మీద తీయాలి, ఎక్కువ లోపలికి ఉంటే బయటి చెంప మీద తీయాలి. ఈ లెక్క చూడకుండా రెండు చెంపలనూ సమంగా గీకేవారి స్టూలు కాళ్ళు ఒక్కొక్కటి ఒక్కో లోతున నిలుస్తాయి. ఆకురాయి, గరుకు కాగితం కుసి దగ్గరికే రాకూడదు. అవి అంచులను గుండ్రం చేస్తాయి, చెంప మధ్యలో ఉబ్బుగా మిగిలి, చుట్టూ గాలి ఆడుతుంది.

కుసి దిగినా భుజం కాలికి ఆనకపోతే, సుత్తి పక్కన పెట్టి మూడు చోట్ల చూడాలి: బెజ్జం అడుగున పొట్టు ఉందా, లోతు 22 మి.మీ.ల కంటే తగ్గిందా, కుసి మొదట్లో భుజం మూలన కోయకుండా మిగిలిన చెక్క ఉందా. మూడోదే తరచుగా కారణమవుతుంది. భుజం ఆనాక, కాలి మీద ఒక తిన్నని స్కేలును నిలిపి, పట్టీ మీద ఇంకొకటి నిలిపి, దూరం నుంచి ఒకదాని పైనుంచి మరొకదాన్ని చూడాలి. రెండూ సమాంతరంగా లేకపోతే కుసి మెలితిరిగి ఉంది, అది సరిచేయకుండా ముందుకు వెళ్తే నాలుగు కాళ్ళూ ఎన్నటికీ నేలకు ఆనవు.

కుసి వదులైతే జిగురు ఎక్కువ పోసి నింపడం పనికిరాదు. తెల్ల జిగురు సందులను నింపే జిగురు కాదు. చెక్కకు చెక్క ఆనిన చోటే అది పట్టు ఇస్తుంది. అదే కలప నుంచి చిత్రికతో పలుచని పొర తీసి, నార దిశ కలిసేలా వదులున్న చెంపకు అంటించి, ఆరాక మళ్ళీ కుదర్చాలి. కుదిరిన ప్రతి జతకూ ఒకే సంఖ్య వేయాలి, ఏ కుసి అయినా తన బెజ్జంలోనే ఒదుగుతుంది.

ఇంత శ్రమ ఎందుకు, స్క్రూలున్నాయి కదా అని అడిగేవారికి జవాబు చెక్క నిర్మాణంలోనే ఉంది. పట్టీ కొసలోకి దిగిన స్క్రూ నార పొడవు వెంట దిగుతుంది కాబట్టి దాని మరలు పట్టుకునే బలం తక్కువ. గాలిలో తేమ మారినప్పుడల్లా చెక్క ఉబ్బి కుంగుతుంటే లోహం కదలదు, రంధ్రం కొంచెం కొంచెంగా వదులవుతుంది. కొసకు జిగురు పెట్టినా అంతే, కొసనార జిగురును పీల్చేస్తుంది. కుసిలో మాత్రం వెడల్పైన రెండు చెంపలు బెజ్జం గోడలకు అతుక్కుంటాయి, భుజం ఊగకుండా ఆపుతుంది. జర్మనీలోని లైప్జిగ్ పరిసరాల్లో తవ్వకాల్లో బయటపడిన 7000 ఏళ్ళకు పైబడిన బావుల ఓక్ చెక్కలలో ఈ అతుకు ఉంది, అదీ లోహం లేని రాతి పనిముట్లతో చెక్కినది. 1954లో ఈజిప్టులోని గిజా పెద్ద పిరమిడు పక్కన దొరికిన ఖుఫు రాజు పడవలో పలకలను కలపడానికీ బెజ్జాలనూ కుసులనూ వాడారు. ఇంగ్లండులోని ప్రాచీన రాతికట్టడం స్టోన్‌హెంజ్‌లో నిలువు రాళ్ళ మీద అడ్డరాళ్ళను నిలిపిందీ ఇదే పద్ధతి. ఉలి, రంపం చేతిలో ఉన్న మనం దీన్ని కష్టమని వదిలేయడం న్యాయం కాదు.

బిగించడం, ముగించడం

జిగురు లేకుండా ఒకసారి మొత్తం కూర్చి చూడాలి. తరువాత రెండేసి కాళ్ళను ఒక్కో పట్టీతో కలిపి రెండు పక్కభాగాలు ముందు అతికించి, మర్నాడు మిగతా రెండు పట్టీలతో వాటిని కలపాలి. జిగురు బెజ్జం గోడలకు బాగా, కుసికి పలుచగా రాయాలి, భుజానికి రాయనక్కర్లేదు. క్లాంపులను భుజం ఆనేదాకా మాత్రమే బిగించి, రెండు కర్ణాలనూ కొలవాలి. అవి సమానంగా లేకపోతే క్లాంపులను కొంచెం ఏటవాలుగా జరిపితే సరిపోతుంది. 24 గంటలు కదపకూడదు. ఆ తరువాత కాళ్ళ పైకొసల అదనపు చెక్కను కోసి, చదునైన నేల మీద నిలిపి, పొడుగైన కాలిని గుర్తించి అడుగు సరిచేయాలి.

పైపలకను పట్టీలకు జిగురుతో అంటించకూడదు. చెక్క నార పొడవునా దాదాపు కదలదు, అడ్డంగా మాత్రం రుతువు మారినప్పుడల్లా ఉబ్బి కుంగుతుంది. జిగురుతో కట్టేస్తే పలక పగులుతుంది, లేదా పట్టీలు ఒరుగుతాయి. పట్టీల లోపలి ముఖాల మీద చిన్న గాడి తీసి, ఒక అంచు నాలుకలా అందులో దూరే కొయ్యబిళ్ళలను పలక అడుగున స్క్రూలతో బిగిస్తే, పలక స్వేచ్ఛగా కదులుతూనే గట్టిగా నిలుస్తుంది. స్క్రూలకు ఈ స్టూలులో ఉన్న చోటు ఇదొక్కటే.

మెరుగుకు అవిసె నూనె చాలు. పలుచగా రాసి, పావుగంట తరువాత మిగిలినదాన్ని పూర్తిగా తుడిచేసి, బాగా ఆరనిచ్చి మళ్ళీ రాయాలి. మూడు పూతలు వేస్తే చెక్క రంగు నిండుగా తేలుతుంది. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకూడదు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే గుడ్డ దానంతట అదే అంటుకుంటుంది. ఒక్కొక్కటిగా పరిచి ఆరుబయట ఆరేసి, గట్టిపడ్డాకే పారవేయాలి.