కలువ టబ్బులో ఏదో తేడా కొడుతోందా? ఒక్కోటీ చూద్దాం రండి

మిద్దె మీద కలువ టబ్బు పెట్టుకున్నవాళ్లు మొదటి రెండు నెలల్లో అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలండి, అందుకే ఒకచోట రాసి పెడుతున్నా. ముందే ఒక మాట, ఏ సమస్యొచ్చినా టబ్బు బోర్లించి పీచుతో రుద్ది కడిగి కొత్త నీళ్లు పోసేయకండి. నేను మొదట్లో మూడుసార్లు అదే పని చేశా, మూడుసార్లూ పది రోజులు తిరక్కుండానే కథ మళ్లీ మొదటికొచ్చింది. ఎందుకంటే అందులో ఉన్నవి ఉత్త నీళ్లు కాదు, తినేవి, వాటికి తిండయ్యేవి, మిగిలిందంతా కుళ్లబెట్టి మొక్కకి ఎరువు చేసిపెట్టే బ్యాక్టీరియా, అన్నీ కలిసి ఒక కాపురం అన్నమాట. కడిగితే ఆ కాపురం మొత్తం పోతుంది.

నీళ్లు పచ్చగా అయిపోయాయి, పాలకూర రుబ్బి కలిపినట్టు

కంటికి కనపడనంత చిన్న ఆల్గే, అంటే నాచు అది. దానికి కావాల్సింది ఎండ, ఎరువు, రెండే. కొత్త టబ్బులో కలువ ఆకులు ఇంకా పైకి రాలేదు కాబట్టి ఎండ నేరుగా నీళ్లలోకి దిగుతుంది, అడుగున మట్టిలో మనం కలిపిన పేడ ఎరువు నీళ్లలోకి ఊరుతుంది, ఇంకేం కావాలి దానికి! కలువ తినేదీ అదే ఎరువు, కానీ కలువ నింపాదిగా పెరుగుతుంది, ఆల్గే రోజుల్లో నిండిపోతుంది.

చేయాల్సింది, మట్టి పైన ఒక అంగుళం మందాన ఇసుక పరవండి, ఎరువు నీళ్లలో చల్లకుండా కాగితంలో పొట్లం కట్టి మట్టి లోపలికి గుచ్చండి, కలువ ఆకులు సగం పైగా నీళ్లని కప్పేదాకా ఒకట్రెండు అంతర తామర మొక్కలు తేలేయండి, నీడా ఇస్తాయి ఎరువూ లాగేస్తాయి. తర్వాత మూడు నాలుగు వారాలు దాని జోలికి వెళ్లకండి, కష్టమే, తెలుసు.

ఇక్కడే చాలామంది చేసే తప్పు ఒకటుంది, నీళ్లు పచ్చబడ్డాయి కదా చేపలు తినేస్తాయిలే అని ఇంకో పది గప్పీలు, అవే దోమ పిల్లల్ని తినే చిన్న చేపలు, తెచ్చి వదులుతారు. జరిగేది పూర్తిగా రివర్స్. ఈ పచ్చ ఆల్గేని బాగా తినేది డాఫ్నియా అనే నీటి పురుగు, ఆవగింజ కంటే చిన్నగా ఉండి నీళ్లలో ఎగురుతున్నట్టు కదులుతుంది, గప్పీలకి అదంటే పండగ. చేపలు డాఫ్నియాని ఖాళీ చేస్తాయి, పైగా వాటి మలమూత్రాలే ఆల్గేకి ఎరువు, సో చేపలు పెరిగేకొద్దీ నీళ్లు ఇంకా పచ్చబడతాయి. నాకైతే ఇది అర్థమయ్యాకే టబ్బు అంటే భయం పోయింది.

చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి

ఏ టైంలో అన్నది చూడండి, అసలు క్లూ అదే.

తెల్లవారుజామున మాత్రమే అలా ఉండి ఎండెక్కాక మామూలైపోతే అది ఆక్సిజన్ తక్కువవడం. పగలు మొక్కలు, ఆల్గే ఆక్సిజన్ ఇస్తాయి, రాత్రి ఎండ లేదు కాబట్టి ఇవ్వడం ఆగిపోతుంది కానీ పీల్చడం మాత్రం ఆగదు, చేపలు బ్యాక్టీరియా ఎలాగూ పీలుస్తాయి, తెల్లారేసరికి గల్లాపెట్టె ఖాళీ. ఎండాకాలం ఇంకా ఘోరం, 20 డిగ్రీల నీళ్లు లీటరుకి 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ పట్టుకుంటే 35 డిగ్రీల దగ్గర 7 మాత్రమే పట్టుకుంటాయి. అప్పటికప్పుడైతే మగ్గుతో నీళ్లు ఎత్తి పైనుంచి పది నిమిషాలు పోయండి, కుళ్లిన ఆకులు తీసేయండి, మధ్యాహ్నం ఎండ పడకుండా గ్రీన్ నెట్ కట్టండి, చేపలు ఎక్కువుంటే తగ్గించండి.

మధ్యాహ్నం కూడా అలాగే ఉన్నాయంటే అనుమానించాల్సింది అమ్మోనియా, లేదా నల్లా నీళ్లలో క్లోరిన్. చేపల వ్యర్థాల్లోంచి వచ్చే అమ్మోనియాని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్ చేస్తే, ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది, అది మొక్క తింటుంది. ఈ బ్యాక్టీరియా కుదురుకోవడానికి కొత్త టబ్బులో నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, మనమేమో టబ్బు పెట్టిన రెండో రోజే చేపలు వదులుతాం. రెండు మూడు రోజులు తిండి ఆపి, పావు వంతు నీళ్లు మార్చండి, అదీ బకెట్లో ఒక రోజంతా మూత లేకుండా ఉంచిన నీళ్లతో.

చేపలున్నా దోమలొస్తున్నాయి

మీరు చేపలకి తిండి ఎక్కువ పెడుతున్నారు, కడుపు నిండినోడు వేటకెళ్తాడా. లేదంటే తేలే మొక్కలు చాపలా అల్లుకుపోయి కింద లార్వాలు దాక్కున్నాయి. మొక్కలు పలచన చేసి తిండి మానేస్తే వారంలో తేడా కనిపిస్తుంది. గుడ్డు నుంచి దోమ అవ్వడానికి మన వేడికి వారం, పది రోజులు చాలు కాబట్టి పక్కన కుండీల కింద ప్లేట్లు కూడా చూడండి, మా ఇంట్లో దొంగ అక్కడే దొరికాడు, పాపం టబ్బుని తిట్టాం. నీళ్లలో మట్టి రంగులో వికారంగా ఆరు కాళ్ల పురుగు కనిపిస్తే చంపొద్దు, తూనీగ పిల్ల అది, దోమ లార్వాలని బాగా తింటుంది. గప్పీ పిల్లల్ని కూడా తింటుంది అనుకోండి.

అడుగున ఎర్రటి పురుగులు

కుట్టని ఒక రకం ఈగ పిల్లలు. ఒంట్లో మనలాగే హిమోగ్లోబిన్ ఉంటుంది, అందుకే ఆక్సిజన్ బాగా తక్కువున్న బురదలోనూ బతుకుతాయి. చేపలకి మంచి మేత, వదిలేయండి.

కుళ్లిన గుడ్డు వాసన

పచ్చి పేడ వేశారు కదా? అడుగున గాలాడక కుళ్లి నల్లబడుతుంది, కర్రతో కదిపితే బుడగలొస్తాయి. కడగొద్దని చెప్పిన నేనే చెబుతున్నా, ఇదొక్కటీ మినహాయింపు, మట్టి మార్చాల్సిందే. ఈసారి బాగా మాగిన ఎరువు, అదీ కొంచెమే.

ఆకుల మీద పేనుబంక

వేపనూనె, సబ్బు నీళ్లు కొట్టేస్తాం అలవాటుగా, చేపలున్న టబ్బులో మాత్రం వద్దు, అవి చస్తాయి. పైపుతో గట్టిగా నీళ్లు కొడితే పేను నీళ్లలో పడుతుంది, చేపలు చూసుకుంటాయి.

నత్తలు ఎక్కువైపోయాయి

తిండి మిగులుతోందని అర్థం, అంతే. రాత్రి ఒక క్యాబేజీ ఆకు తేలేసి పొద్దున్నే తీస్తే దాని నిండా ఉంటాయి. వాటినీ, ఎక్కువైన గప్పీలనీ తీసుకెళ్లి చెరువులో మాత్రం వదలకండి, గప్పీలు దక్షిణ అమెరికా చేపలు, అక్కడున్న మన చిన్న చేపల తిండికి పోటీకొస్తాయి. గప్పీలైతే ఎవరికైనా ఇచ్చేయండి, కొత్తగా టబ్బు పెట్టినవాళ్లు తీసుకుంటారు, ఆరు వారాలు ఆగి వదలమని మాత్రం చెప్పండి.