ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ ఇంటర్న్‌షిప్: లెక్క తేడా వస్తే ఎక్కడ వెతకాలి

సమస్య: "తరుగుదల 100 రూపాయలు పెరిగితే మూడు స్టేట్‌మెంట్లలో ఏం మారుతుంది?" అన్న ప్రశ్నకు ఇంటర్వ్యూలో సగంలో ఆగిపోతున్నారు

జవాబు బట్టీ పట్టడమే కారణం. మూడు స్టేట్‌మెంట్లంటే లాభనష్టాల పట్టిక, క్యాష్ ఫ్లో (నగదు రాకపోకల పట్టిక), బ్యాలెన్స్ షీటు (ఆస్తి అప్పుల పట్టిక). తరుగుదల అంటే ఆస్తి అరిగేకొద్దీ ఏటా రాసే ఖర్చు. కాగితం మీద వేసి చూడండి. పన్ను 25 శాతం అనుకుంటే పన్నుకు ముందు లాభం 100 తగ్గుతుంది, పన్ను 25 తగ్గుతుంది, నికర లాభం 75 తగ్గుతుంది. క్యాష్ ఫ్లో ఆ మైనస్ 75తో మొదలవుతుంది. తరుగుదల వల్ల చేతి నుంచి డబ్బేమీ పోలేదు కనుక 100 తిరిగి కలపాలి. నగదు 25 పెరిగింది. ఆస్తుల వైపు స్థిరాస్తి 100 తగ్గి నగదు 25 పెరిగితే నికరంగా 75 తగ్గినట్టు. అటువైపు, అప్పులు-మూలధనం పక్కన, రిటైన్డ్ ఎర్నింగ్స్ (కంపెనీలోనే మిగిల్చుకున్న లాభాలు) కూడా 75 తగ్గాయి. ఇదే లెక్క 30 శాతంతో, ఆ తర్వాత సరుకు నిల్వ 100 పెరిగితే ఏమవుతుందో వేయండి.

సమస్య: మోడల్‌లో (కంపెనీ లెక్కలను ముందుకు అంచనా వేసే ఎక్సెల్ షీటులో) బ్యాలెన్స్ షీటు రెండు వైపులా కలవడం లేదు

ముందుగా, చేయకూడని పని: తేడాను "ఇతర ఆస్తులు"లో పూడ్చేయడం. అసోసియేట్ (మీ పని సరిచూసే పై ఉద్యోగి) ఆ సెల్‌లోని ఫార్ములా చూడటానికి ఎఫ్2 నొక్కగానే దొరికిపోతారు.

తేడా ఏ ఏడాదిలో మొదలైందో చూడండి. గడిచిన సంవత్సరాల్లోనే ఉంటే వార్షిక నివేదిక నుంచి ఎక్కించేటప్పుడు పొరపాటు జరిగింది. అంచనాల్లో ఒక ఏడాది మొదలై ఆ తర్వాత అంతే మొత్తంగా సాగితే తప్పు ఆ ఒక్క ఏడాదిదే. ఏటేటా మారుతుంటే ఏదో ఫార్ములా వరుసంతా తప్పు.

తర్వాత తేడాను 2తో భాగించండి. తేడా 84 అయితే 42 కోసం వెతకండి. వర్కింగ్ క్యాపిటల్ (సరుకు నిల్వ, రావాల్సిన, ఇవ్వాల్సిన బాకీలు) మార్పులో అది కనిపిస్తే, చాలామటుకు ప్లస్ ఉండాల్సిన చోట మైనస్ పడిందన్నమాటే. తేడా 9తో నిశ్శేషంగా పోతే, చేత్తో కొట్టిన ఏదో సంఖ్యలో అంకెలు అటూ ఇటూ అయ్యాయేమో చూడండి: 573 బదులు 537, తేడా 36. పద్దు పుస్తకాల కాలపు కిటుకే, ఎక్సెల్‌లోనూ పనిచేస్తుంది.

వడ్డీని సగటు అప్పు మీద కట్టి సర్క్యులర్ ఎర్రర్ (ఫార్ములా తిరిగి తన మీదే ఆధారపడటం) వస్తుంటే, ఏడాది మొదటి అప్పు మీద కట్టండి. కాస్త కచ్చితత్వం పోతుంది, మోడల్ నిలుస్తుంది.

సమస్య: పోలిక పట్టికలో ఒక్క కంపెనీ ఈవీ/ఎబిటా మిగతావాటికి పొంతన లేకుండా ఉంది

ఈవీ అంటే షేర్ల మొత్తం విలువకు అప్పు కలిపి, చేతిలో నగదు తీసేసిన మొత్తం; ఎబిటా అంటే వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు లాభం. పది రెట్లు తేడా ఉంటే కోట్లు, మిలియన్లు కలిసిపోయాయి (1 కోటి అంటే 10 మిలియన్లు). వంద రెట్లయితే లక్షలు, కోట్లు. తేడా చిన్నదైతే లీజులు చూడండి. లీజుల లెక్కకు భారతీయ అకౌంటింగ్ ప్రమాణమైన ఇండ్ ఏఎస్ 116 వచ్చిన 2019 ఏప్రిల్ 1 నుంచి చాలా అద్దెలు ఖర్చు పద్దు వదిలి తరుగుదల, వడ్డీల్లోకి వెళ్లాయి. దుకాణాలు, సినిమా హాళ్లు నడిపే కంపెనీల ఎబిటా దాంతో పెద్దదిగా కనిపిస్తుంది. ఆ ఎబిటా వాడితే లీజు బాకీని అప్పులో కలపండి; లేదంటే ఎబిటాలోంచి అద్దెనూ, అప్పులోంచి లీజు బాకీనీ తీసేయండి.

సమస్య: పని సరైనదే, అయినా పేజీలు తిరిగొస్తున్నాయి

తెరమీద సరిచూస్తే తప్పులు దొరకవు. ప్రింట్ తీసి, ప్రతి అంకెనూ దాని మూలంతో పోల్చి ఎర్రపెన్నుతో టిక్ పెట్టండి. తేదీ, యూనిట్, ఫుట్‌నోటు చివర్లో.

సమస్య: ఏ డీల్ మీద పనిచేస్తున్నావని ఇంట్లో అడుగుతున్నారు

కంపెనీ పేరు చెప్పకండి. బయటకు రాని, ధరను కదిలించే సమాచారాన్ని పని అవసరం లేనివాళ్లకు చెప్పడమే సెబీ (స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ) 2015 ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనల ప్రకారం ఉల్లంఘన. విన్న బాబాయి ఒక్క షేరు కొనకపోయినా సరే.